కుంచెడు ధైర్యం

"పన్నెండు కుంచెలా! రవివర్మకైనా ఇన్ని ఉండేవో లేవో!" అన్నారు మావారు, నేను సంచీలోంచి పెట్టె తీసి బల్లమీద పెట్టగానే.

మా అన్నయ్య కూతురి పెళ్ళికి గాజులు కొందామని కోఠీ వెళ్ళాను. గాజుల పక్కనే మేకప్ బ్రష్షుల పెట్టె కనిపించింది. పన్నెండూ కలిపి మూడు వందలు. చవగ్గా వస్తున్న వస్తువుని వదిలేసి రావడం మన ఇంటావంటా ఉందా చెప్పండి? కొనేశాను.

మా అమ్మాయి వచ్చి, పెట్టె మూత తీసి, నన్ను జాలిగా చూసింది. "అమ్మా! నీకు ఇందులో నాలుగు చాలు. పౌడరుకి పెద్దది, బుగ్గలకి కాస్త చిన్నది, కనురెప్పలకి ఒకటి, కనుబొమలు దిద్దుకోడానికి ఏటవాలుగా ఉన్నదొకటి. మిగతా ఎనిమిదీ డబ్బు దండగ."

తరవాత పాఠం మొదలైంది. బ్రష్షు కొనేముందు కుచ్చుని మెల్లిగా లాగి చూడాలిట. ఒకటీ అరా వెంట్రుక వస్తే ఫరవాలేదు గానీ, గుప్పెడు ఊడితే అక్కడే వదిలెయ్యాలి. వెంట్రుకల్నీ పిడినీ కలిపే రేకుపట్టీ కదలకూడదు. మణికట్టు లోపలివైపు రాసి చూస్తే గుచ్చుకోకూడదు. వాడాక వారానికోసారైనా షాంపూ నీళ్ళతో కడిగి, పడుకోబెట్టి ఆరబెట్టాలి. నిలబెడితే నీళ్ళు పట్టీలోకి దిగి, జిగురు వదిలి, వెంట్రుకలు రాలిపోతాయి. ఒకరి కంటికి వాడింది కడక్కుండా ఇంకొకరి కంటికి వాడకూడదు. అంట్లు తోమిన గిన్నె బోర్లించాలని నేను నేర్పిన పిల్ల, నాకు బ్రష్షు ఆరబెట్టడం నేర్పుతోంది!

"ఇది దేని వెంట్రుకే?" అని అడిగాను.

"వెంట్రుకలు కావమ్మా, నైలాన్ లాంటి పోగులు. క్రీములకి ఇవే మంచివి, పీల్చుకోవు."

నా మనసు కుదుటపడింది. బొమ్మలు వేసేవాళ్ళ కుంచెలకోసం మనదేశంలో ముంగిసల్ని చంపేవారని చదివాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముంగిసని చంపడం, దాని వెంట్రుకలతో వ్యాపారం చెయ్యడం నేరం. పసివాణ్ణి కాపాడిన ముంగిసని తొందరపాటుతో చంపి ఏడ్చిన కథ చిన్నప్పుడు విన్నవాళ్ళం, ఆ వెంట్రుకలతో సోకులు చేసుకుంటామా? చవకా మంచిదే, పాపమూ లేదు. అంతకంటే ఏం కావాలి?

అసలు కుంచెని అంత తేలిగ్గా తీసెయ్యకూడదు సుమండీ. జపాన్‌లో హిరోషిమా దగ్గర కుమనో అనే ఊరుంది. పూర్వం అక్కడి రైతులు పొలం పనులు లేని రోజుల్లో కుంచెలు తయారు చెయ్యడం మొదలుపెట్టారు. ఇప్పుడది ఆ ఊరికి పెట్టింది పేరు. 2011లో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన తమ జట్టుకి జపాన్ ప్రభుత్వం ఏం బహుమతి ఇచ్చిందో తెలుసా? ఆ ఊరి మేకప్ కుంచెలే! ఈ సంగతి చెప్పగానే మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఇంతకీ నేను రాయాలనుకున్నది కుంచెల సంగతి కాదు.

పెళ్ళికి ముందురోజు మా పిన్ని వచ్చింది. అరవై దాటాయి. బాబాయి పోయి ముప్ఫై ఏళ్ళు. అప్పట్నుంచీ లేతరంగు చీరలూ, బోసి నుదురూ. నేను అద్దం ముందు కూర్చుని కొత్త విద్య సాధన చేస్తుంటే, పక్కన కూర్చుని పెద్ద బ్రష్షు చేతిలోకి తీసుకుంది. చేతిమీద రాసుకుని, "ఎంత మెత్తగా ఉందే! కుందేలు పిల్లలా ఉంది" అని మురిసిపోయింది. కాసేపాగి, గొంతు తగ్గించి, "రేపు నాకూ కాస్త వేస్తావుటే? చిన్న బొట్టు కూడా" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణంలో నాకు తట్టింది ఒకటే, మా మేనత్తలు ఏమంటారో అని. వితంతువుల మీద రెండు నవలలు రాసినదాన్ని. ఆడది అలంకరించుకునేది మొగుడికోసం కాదు, తనకోసం అని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నూట నలభై ఏళ్ళు దాటాక, చదువుకున్న దాన్ని, సొంత పిన్ని నుదుట బొట్టు పెట్టడానికి తటపటాయించాను!

"పోన్లేవే, ఊరికే అన్నాను" అని పిన్ని బ్రష్షు పెట్టెలో పెట్టేసింది. ఏ గడిలోంచి తీసిందో సరిగ్గా ఆ గడిలోనే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అలంకారం తనకోసమే అయితే, భర్త పోయాక అది ఎందుకు పోవాలి? పోవాలి అనిపించిందంటే, నాకు తెలియకుండానే నా ముఖం నాది కాదని నేను నమ్ముతున్నట్టే కదా! సభలో చెప్పింది నోటిమాట. తటపటాయించింది మనసు. ఈ రెండిట్లో ఏది నా అభిప్రాయం అంటారు?

తెల్లవారుజామున పిన్నిని లేపి అద్దం ముందు కూర్చోబెట్టాను. మా అమ్మాయి బ్రష్షు చేతికిస్తూ, "కొంచెమే తీసుకో. అంచుకి తట్టి, ఎక్కువైంది దులిపెయ్. తక్కువైతే మళ్ళీ వేసుకోవచ్చు, ఎక్కువైతేనే కష్టం" అంది. పౌడరు వేశాను. కనుబొమలు దిద్దాను. సన్నటి బ్రష్షు కొసతో కందిగింజంత మెరూన్ బొట్టు పెట్టాను. పిన్ని అద్దంలో చూసుకుని ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకోబోతే, "చెరిగిపోతుంది అమ్మమ్మా!" అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

పెళ్ళిలో మా పెద్దత్త అననే అంది. "ఇదేవిటే, మీ పిన్ని ఈ వయసులో ఈ వేషం?" అని.

నేను ఘాటుగా జవాబు చెప్పానని రాస్తే కథ బాగుంటుంది. కానీ అలా జరగలేదు. "ఎండ కదత్తా, చెమటకి కాస్త పౌడరు..." అని నసిగాను. పక్కనే ఉన్న పిన్ని మాత్రం నవ్వుతూ, "బాగాలేదా వదినా?" అంది. పెద్దత్త ఎగాదిగా చూసి, "బాగానే ఉందిలే" అని విస్తరి వైపు తిరిగింది.

వెనకటికి ధాన్యం కుంచాలతో కొలిచేవారు. కుంచెడు ధైర్యం ఉందనుకునేదాన్ని నాకు. తీరా కొలిస్తే కుంచె కొసకి అంటినంతే తేలింది. అయినా, తక్కువైతే మళ్ళీ వేసుకోవచ్చు అంది కదా మా అమ్మాయి!

అనవసరంగా కొన్న ఎనిమిది బ్రష్షుల్లో రెండు పిన్ని పట్టుకెళ్ళింది. వాటిని పడుకోబెట్టి ఆరబెట్టాలని మరీ మరీ చెప్పాను.