ఎవరి తాలూకు?

రెడ్డిగూడెంలో బస్సు దిగి ఇంటికి నడిచే పది నిమిషాల్లో కనీసం ముగ్గురు ఆపుతారు. "ఎవరబ్బాయివి? ఎప్పుడొచ్చావ్?" అరుగు మీది ముసలాయన దగ్గర్నుంచి మామిడికాయల ట్రాక్టర్ తోలే కుర్రాడి దాకా అందరికీ జవాబు చెప్పాలి. చిన్నప్పుడు చిరాకేసేది.

వార్సాలో పది రోజులు తిరిగాను. ఒక్కరూ అడగలేదు. రోడ్డు ఖాళీగా ఉన్నా ఎర్రలైటు దగ్గర ఆగుతారు, పక్కవాళ్ల వైపు చూడరు. ట్రామ్‌లో ఎవరి లోకం వాళ్లది. నేనున్న అపార్ట్‌మెంట్ లిఫ్టులో మాత్రం ముక్కూమొహం తెలియని పెద్దావిడ "జెన్ దోబ్రె" అంది. నమస్కారం, అంతే. ఆ తర్వాత ప్రశ్న లేదు. మొదట్లో హాయిగా ఉంది. నాలుగో రోజుకి బెంగ పట్టుకుంది. ఇక్కడ నేను కూలబడితే ఎవరికైనా పడుతుందా?

ఐదో రోజు ఫుట్‌పాత్‌లో పొదిగిన ఇనుప పట్టీ కనిపించింది. 'ఘెట్టో గోడ, 1940-1943'. గోడ లేదు. అది ఉన్నచోట జనం కాఫీ కప్పులతో నడిచిపోతున్నారు. నాజీల ఆక్రమణలో "నువ్వెవరు?" అన్న ప్రశ్నే ఈ వీధుల్లో ప్రాణాలు తీసింది. 1939 డిసెంబర్ నుంచి యూదులు చేతికి నీలి నక్షత్రం పట్టీ కట్టుకునే బయటికి రావాలి. 1940 నవంబర్‌లో ఘెట్టో మూసేశారు. నాలుగు లక్షలమందికి పైగా లోపల కుక్కారు.

అక్కడ నిలబడితే మా వీధి గుర్తొచ్చింది. "ఎవరబ్బాయివి?" తర్వాత ఇంకోటి ఉంటుంది కదా, "మీరేవిట్లు?" అని. కులం తెలిస్తేగానీ కొన్ని అరుగుల మీద కూర్చోమనరు. నన్నెప్పుడూ కూర్చోమన్నారు, అందుకే దాన్ని ఆప్యాయత అనుకున్నాను. ఆ ప్రశ్నకి తలొంచుకున్న క్లాస్‌మేట్‌కి అదెలా వినిపించిందో నేనెప్పుడూ అడగలేదు.

మరైతే ఏమీ అడక్కపోవడమే మర్యాదా? అదీ ఒప్పుకోబుద్ధి కాలేదు. వార్సాలోనే 'మంచి మహారాజు' పేరిట ఒక కూడలి ఉంది. ఆయన నవానగర్ జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ. 1942లో సోవియట్ యూనియన్ నుంచి బయటపడిన పోలిష్ పిల్లలకి జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో చోటిచ్చాడు. మీరిక అనాథలు కారు, మీ నాన్నని నేనే అన్నాడని చెబుతారు. ఎవరి పిల్లలన్న ప్రశ్నకి జవాబు తనే అయ్యాడన్నమాట.

వచ్చే వేసవికి ఊరెళ్తాను. కొత్తవాళ్లెవరైనా బస్సు దిగితే "ఏ ఊరు?" అనకుండా ఉండలేను, అలవాటు. కానీ ముందు అరుగు మీద కాస్త జరిగి, తర్వాత అడగాలి. రెండో ప్రశ్న మాత్రం నా నోట రాకూడదు.