అప్పగించుకోవడం అంటే

కోనసీమలో ఏ ప్రార్థన కూడికకు వెళ్లినా "దేవునికి అప్పగించేశాం" అనే మాట వింటాం. అప్పగించడమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమా?

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు నేలకొరిగాయి. పోయినవారిలో ప్రార్థన చేసినవారు లేరా? ఉన్నారు. కాబట్టి నమ్మకమంటే కీడు రాదన్న హామీ కాదు. బతికినవారికి విశ్వాసం ఎక్కువ, పోయినవారికి తక్కువ అనడం ఏడుస్తున్నవారిని మళ్లీ కొట్టడమే.

తోట పోయిన రైతు మళ్లీ కొబ్బరి మొక్క నాటాడు. అది కాపుకు రావాలంటే 6, 7 ఏళ్లు పడుతుంది. అంతవరకు తాను ఉంటాడో లేదో తెలియదు. అయినా గొయ్యి తవ్వాడు, నీళ్లు పోశాడు. నమ్మకం అక్కడుంది.

ఇదే గోదావరికి ఎగువన, కొండల్లో, మా కోయలు విత్తనాల పండుగ చేసుకున్నాకే విత్తుతారు. మొక్కామని దున్నడం మానరు. దున్నామని వాన తమ చేతిలో ఉందనుకోరు. చర్చికి వెళ్లే మనకూ ఆ తెలివి కావాలి.

బిడ్డకు జ్వరమొస్తే ప్రార్థన చేద్దాం, ఆసుపత్రికీ తీసుకెళ్దాం. తుపాను హెచ్చరిక వస్తే షెల్టరుకు నడుద్దాం. మన వంతు చేశాక మిగిలిన భయాన్ని ఆయనకు అప్పగిద్దాం.