రుచినిర్ణయంలో సత్యం, స్నేహం

'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అన్న సామెత రుచిని కేవలం వ్యక్తిగత విషయంగా తేల్చివేస్తుంది. అదే నిజమైతే రుచి విషయంలో ఒకరు పొరపడ్డారనడానికి ఆస్కారమే ఉండదు. అయినా మనం వాదిస్తూనే ఉంటాం. ఈ వైరుధ్యాన్ని పరిశీలించడానికి, మిత్రులు కలిసి పాత కాలిఫోర్నియా కాబెర్నే వైన్‌ను రుచి చూసే సందర్భం అనువైనది.

కాబెర్నే వైన్ లేతగా ఉన్నప్పుడు ముదురు ఊదా ఎరుపులో ఉంటుంది. టానిన్ల వగరు నోటిని పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు, వర్ణద్రవ్యాలు పరస్పరం కలిసి, కొంత భాగం మడ్డిగా సీసా అడుగున చేరుతుంది. రంగు ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. పండు వాసన తగ్గి దేవదారు, పొగాకు, తోలు వాసనలు తలెత్తుతాయి. అయితే పరిణతికీ క్షీణతకూ మధ్య గీత సన్ననిది. నాపా లోయలో ఒక గృహస్థు ఇరవై ఏళ్లు దాచిన సీసాను మిత్రుల కోసం తెరిచాడనుకుందాం. ఒకరు 'అద్భుతం' అన్నారు. మరొకరికి దాని కాలం దాటిపోయినట్లు తోచింది. ఆ రెండవ మిత్రుడు ఏమనాలి?

నిర్ణయానికి మొదటి ఆటంకం పేరుప్రతిష్ఠ. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ నిర్వహించిన పరీక్షలో ఫ్రెంచి నిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూసి, ఎర్ర వైన్లలో నాపాకు చెందిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 కాబెర్నేకు ప్రథమ స్థానమిచ్చారు. కాలిఫోర్నియా వైన్లు వయసుకు నిలవవన్న ఆక్షేపణ మాత్రం మిగిలింది. 2006లో ఆ ఎర్ర వైన్లనే మళ్లీ పరీక్షించగా కాలిఫోర్నియాకే చెందిన రిడ్జ్ మాంటే బెల్లో 1971 మొదట నిలిచింది. పేరు మరుగైనప్పుడు నాలుకకు స్వాతంత్ర్యం వచ్చింది. కాలం మారినప్పుడు నిర్ణయమూ మారింది.

రెండవ ఆటంకం సూక్ష్మమైనది: స్నేహం. రసాస్వాదానికి కలిగే విఘ్నాలలో అభినవగుప్తుడు స్వీయ సుఖదుఃఖాలకు వశం కావడాన్ని కూడా చేర్చాడు. మిత్రుని సంతోషం చెడుతుందన్న భయం కూడా అటువంటి వివశత్వమే.

డేవిడ్ హ్యూమ్ 1757లో ప్రకటించిన అభిరుచి వ్యాసంలో, డాన్ క్విక్సోట్ నవలలోని సాంచో బంధువులిద్దరి కథను ప్రస్తావించాడు. ఒకే పీపాలోని వైన్‌లో ఒకరికి తోలు రుచి, మరొకరికి ఇనుము రుచి తగిలాయి. విన్నవారు నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి దొరికింది. వారిలో ఒకరు మర్యాదకు రెండవవారితో ఏకీభవించి ఉంటే సత్యంలో సగం మరుగునపడేది.

కనుక ఆ మిత్రుడు తనకు తోచింది చెప్పాలి. అయితే తీర్పుగా కాక సాక్ష్యంగా చెప్పాలి. గాలి తగిలాక గ్లాసులోని వైన్ మారుతుంది కనుక మళ్లీ రుచి చూడడానికీ, మాట మార్చుకోవడానికీ సిద్ధపడాలి. తెరిచిన సీసా మళ్లీ రాదు. దానిని గురించి మిగిలేది అక్కడున్నవారి సాక్ష్యమే. పొగడ్త కోసం దానిని వక్రీకరించడం, ఇరవై ఏళ్ల నిరీక్షణను అవమానించడమే.

గ్రంథ సమీక్షకూ ఇదే వర్తిస్తుంది. రచయిత పేరు తెలియకుండా వ్యాసాన్ని పరిశీలించే పద్ధతి మొదటి ఆటంకాన్ని తొలగిస్తుంది. రెండవదాన్ని తొలగించగలది పద్ధతి కాదు, సహృదయుని నిజాయితీ మాత్రమే.