ఎవరూ చూడని పరుగు

ధ్యాన భాగములు: హెబ్రీయులకు 12:1-3, 1 రాజులు 19:1-8, గలతీయులకు 5:7





కొన్ని వారముల క్రితము ఆదివారపు ఆరాధన ముగిసి, చాపలు చుట్టుచుండగా మన సర్జాపుర సంఘపు యౌవనస్థుడొకడు నా దగ్గరకు వచ్చాడు. ప్రకాశం జిల్లా నుండి ఉద్యోగము కొరకు ఇటు వచ్చి స్థిరపడిన బిడ్డ. ప్రతి ఉదయము రోడ్డు మీద పరుగెత్తు అలవాటు ఉన్నదని మాకందరికి తెలుసు. "మాస్టారూ, ఒక మాట అడగనా? పది కిలోమీటర్ల పందెము కోసము ఎనిమిది నెలలు పరుగెత్తాను. పందెము అయిపోయింది, మెడలో మెడల్ వేశారు. ఆ మరుసటి వారము నుండి లేవబుద్ధి కావడము లేదు. బూట్లు మూలన పడి ఉన్నాయి. మీరు ఈ వయసులో ఎలా కొనసాగిస్తున్నారు?" అన్నాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకనగా నా బూట్లు కూడ నాలుగు నెలలుగా మంచము క్రిందనే ఉన్నవి. ఆ సంగతి అతనికి తెలియదు. షుగరు వచ్చినదని డాక్టరుగారు హెచ్చరించిన తరువాత, అరవై దాటిన వయసులో నేను నడక మొదలుపెట్టి, మెల్లగా పరుగులోనికి వచ్చాను. తిరిగి వచ్చేసరికి నా భార్య రాగి జావ కాచి ఉంచేది. ఆమె ప్రభువునందు నిద్రించిన తరువాత కొన్నాళ్లు వెళ్లాను, తరువాత మానివేశాను. పరుగు ఒక్కటే కాదు. పరుగుకు ముందు మోకాళ్లూని చేసుకొను ప్రార్థన కూడ దానితోపాటే ఆగిపోయినది. సంఘములో మాత్రము ఎప్పటివలెనే లేచి ప్రార్థన చేయుచున్నాను. "నాయనా, నేనూ మానివేశాను" అని చెప్పుటకు సిగ్గుపడి, "వచ్చే ఆదివారము చెబుతాను" అని పంపివేశాను. ఆ వారమంతా వాక్యము ముందు కూర్చున్నాను. నేను నేర్చుకొన్నది మీతో పంచుకొనుటకే ఈ నాలుగు మాటలు.

1. వాక్యమునకు పరుగు తెలుసు

పౌలు భక్తుడు కొరింథులో ఏడాదిన్నర నివసించాడని అపొస్తలుల కార్యములు 18:11లో చదువుతాము. ఆ పట్టణమునకు సమీపముననే రెండేండ్లకొకసారి ఇస్త్మియ క్రీడలు జరిగేవి. గెలిచినవానికి ఆకులతో అల్లిన కిరీటము పెట్టేవారు. కొన్ని దినములకే అది వాడిపోయేది. కొరింథు విశ్వాసులకు ఇది కళ్లయెదుట కనబడిన సంగతి. అందుకే మొదటి కొరింథీ పత్రిక 9వ అధ్యాయములో పౌలు ఆ పరుగునే పోలికగా తీసుకొన్నాడు.

ఆ పందెములో కిరీటము ఒక్కనికే. విశ్వాసపు పందెములో మనము మన ప్రక్కవానిని ఓడించవలసిన పని లేదు. కడవరకు పరుగెత్తిన వారందరికి కిరీటమున్నది. 2008లో మొదలైన బెంగుళూరు పది కిలోమీటర్ల పరుగును చూచినవారికి ఇది సులభముగా అర్థమగును. ముందు వరుసలోని పురుషులు అరగంట లోపలనే ముగించి వెళ్లిపోతారు. మనవంటివారు గంట దాటిన తరువాత చెమటలు కక్కుచు వస్తారు. వారు గెలుచుటకు పరుగెత్తారు, వీరు ముగించుటకు పరుగెత్తారు. హెబ్రీ పత్రిక రచయిత మననుండి కోరునది వేగము కాదు, ఓపిక.

2. పరుగు తరువాత వచ్చు అలసట

ఏలీయా జీవితమును గమనించుదము. కర్మెలు మీద అగ్ని దిగిన దినమున అతడు అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తాడు. అది ఇరవై కిలోమీటర్లకు పైబడిన దూరము. లేఖనములలో అంతటి పరుగు అరుదు. అయితే తరువాతి అధ్యాయములోనే ఆ మహా ప్రవక్త బదరీ వృక్షము క్రింద పడుకొని, ఇక చాలు, నా ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొన్నాడు.

మన యౌవనస్థుని సంగతి కూడ ఇదే కదా! మెడల్ వచ్చిన తరువాతనే కాళ్లు ఆగిపోయినవి. గురి చేరిన మరునాడు మనస్సు ఖాళీ అగును. పరీక్ష వ్రాసిన పిల్లలలోను, ఇల్లు కట్టి గృహప్రవేశము చేసిన పెద్దలలోను, కూతురి పెండ్లి చేసి పంపిన తల్లులలోను ఈ ఖాళీని చూస్తాము. బాప్తిస్మము తీసికొన్న కొద్ది నెలలకే ఆరాధనకు రాక తగ్గినవారిని కూడ చూస్తాము.

అప్పుడు దేవుడేమి చేశాడు? ఏలీయాను గద్దించలేదు. నీ విశ్వాసము ఏమైనదని అడుగలేదు. అతనిని నిద్రపోనిచ్చాడు. దూతను పంపి, నిప్పుల మీద కాల్చిన రొట్టెను, నీళ్లను తలయొద్ద ఉంచాడు. ఏలీయా తిని మరల పండుకొన్నాడు. రెండవసారి కూడ దూత లేపి తినుమన్నాడు, ముందున్న ప్రయాణము నీ శక్తికి మించినదని చెప్పాడు. కాబట్టి అలసినవానికి ప్రసంగము కంటె ముందు రొట్టె, నిద్ర అవసరము. మోకాలు నొప్పితో ఆగినవారు, దుఃఖములో ఆగినవారు, తమను తాము పాపులని తీర్పు తీర్చుకొనవద్దు. అయితే ఒకటి మరువరాదు: ఏలీయా ఆ చెట్టు క్రిందనే కాపురము పెట్టలేదు. ఆ ఆహారపు బలముతో నలువది దినములు నడిచి హోరేబునకు చేరాడు. విశ్రాంతి లేచుటకొరకే ఇయ్యబడినది. నేను నాలుగు నెలలు ఆ చెట్టు క్రింద ఉన్నాను. దేవుడు నన్ను ఓర్చుకొన్నాడు. ఇక లేవవలెను.

3. భారమును దించుట

గలతీ సంఘస్థులను పౌలు అడిగిన ప్రశ్న మనమును వేసికొనదగినది. బాగుగా పరుగెత్తుచుండిన మిమ్మును ఎవరు అడ్డగించిరి? హెబ్రీ పత్రికలో పాపము వేరుగాను భారము వేరుగాను చెప్పబడినవి. పాపము కానిదంతయు తేలిక అని అనుకొనరాదు. మంచి వస్తువే అయినను మోసికొని పరుగెత్తిన భారమే అగును.

ఈ దినములలో పరుగెత్తువారికి పెద్ద భారము పోలిక. చేతి గడియారము, జేబులోని ఫోను, ఎవరు ఎంత దూరము ఎన్ని నిమిషములలో వెళ్లినది వెంటనే చూపును. ప్రక్క అపార్ట్‌మెంటువాని లెక్క చూచి మన ఆరు కిలోమీటర్లు మనకే చులకనగా కనబడును. యోహాను సువార్త 21వ అధ్యాయములో పేతురు వెనుదిరిగి, మరియొక శిష్యుని చూపి, ఇతని సంగతి ఏమని ప్రభువును అడిగాడు. ప్రభువు ఆ లెక్క అతనికి చెప్పలేదు. అది నీకేల, నీవు నన్ను వెంబడించుమను భావముతో జవాబిచ్చాడు. మన జీతము, మన పిల్లల ర్యాంకు, మన ఇంటి చదరపు అడుగులు, అన్నింటికి ఇదే జవాబు.

మరియొక భారము ఆరంభములోని తొందర. మొదటి వారముననే పది కిలోమీటర్లు పరుగెత్తినవాడు రెండవ వారము మంచము పట్టును. ప్రక్కవానితో మాటలాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తుట క్రొత్తవారికి మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహాలో పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషముల ఓ మోస్తరు శ్రమ చాలునని ఉన్నది. చురుకైన నడక కూడ ఆ లెక్కలోనికి వచ్చును. రోజుకు అరగంట చొప్పున ఐదు దినములు! ప్రార్థన విషయమును అట్లే. ఒక రాత్రి జాగరణ చేసి నెల దినములు మౌనముగా ఉండుటకంటె, ప్రతి దినము పది నిమిషములు విడువక చేయుట మేలు.

4. ఎవరూ చూడని సంవత్సరములు

మన తెలుగు బాప్టిస్టు చరిత్రయే ఓపికగల పరుగు. 1836లో శామ్యూల్ డే దొరగారు తెలుగువారి మధ్యకు వచ్చారు, 1840లో నెల్లూరు చేరారు. సంవత్సరములు గడిచినను మారుమనస్సు పొందినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. 1853లో అమెరికాలోని మిషను సభలో ఈ పనిని మూసివేయవలెనా అను చర్చ జరిగినది. మూయలేదు. అప్పటినుండియే దీనికి ఒంటరి నక్షత్రము అను పేరు నిలిచినది.

1854 జనవరి 1వ తేదీన, ఇంకను తెల్లవారకముందే, జూయెట్ దొరగారును ఆయన భార్యయు మరి ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలులోని కొండ ఎక్కి, ఈ స్థలమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. ఐదుగురే! మెడల్ లేదు, చప్పట్లు లేవు. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చినది 1866లో. అనగా పండ్రెండేండ్ల తరువాత. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. మనము ఆ 2,222 సంఖ్యను గొప్పగా చెప్పుకొందుము. గాని ఆ కొండ ఎక్కిన ఐదుగురిని, ఆ మధ్య గడచిన ఇరువది నాలుగు ఏండ్లను తలంచువారెందరు? మనలో అనేకుల తాతముత్తాతలు ఆ నీళ్లనుండియే వచ్చిరి. సాక్షి సమూహము అనగా మనకు దూరపువారు కారు, మన ఇంటివారే.

5. ఆదివారపు పరుగు

ఒక నాజూకైన సంగతి కూడ చెప్పవలెను. మన నగరములో పెద్ద పరుగు పందెములు ఎక్కువగా ఆదివారపు ఉదయముననే జరుగుచున్నవి. స్నేహితులు కలిసి దూరము పరుగెత్తునది కూడ ఆ దినముననే. ఏడాదికి ఒకసారి మొదలై ప్రతి వారమునకు వచ్చిన కుటుంబములను చూచి పెద్దలము బాధపడుచున్నాము.

ఎరిక్ లిడ్డెల్ అను స్కాట్లండు విశ్వాసి 1924 పారిస్ ఒలింపిక్సులో, 100 మీటర్ల తొలి పరుగు ఆదివారము పడినందున దానిని విడిచిపెట్టాడు. ఆ సంగతి నెలల ముందే తెలిసి 400 మీటర్లకు సాధన చేసి, 47.6 సెకండ్లలో బంగారు పతకము గెలిచాడు. ఈ కథ అందరికి తెలుసు. గాని అతని పరుగులో ఎక్కువ భాగము ఎవరూ చూడనిది. మరుసటి ఏడు చైనాకు మిషనరీగా వెళ్లి, యుద్ధకాలములో నిర్బంధ శిబిరములో పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆటలాడించుచు, 1945 ఫిబ్రవరి 21న అక్కడనే 43 ఏండ్ల వయసులో కన్నుమూశాడు.

నేను మీ మెడమీద ఆజ్ఞ పెట్టుట లేదు. వారములో ఇంకను ఆరు ఉదయములున్నవని మాత్రము గుర్తుచేయుచున్నాను. సొంత ఊరు విడిచి వచ్చిన మనకు, మన భాషలో ప్రార్థించు ఈ సహవాసము తప్ప ఇక్కడ బంధువులెవరు? సమాజముగా కూడుట మానవద్దని హెబ్రీ పత్రిక 10:25లో చెప్పినది, మన ఎండిపోవు గుండెను ఎరిగి చెప్పిన మాట.

6. నడిచినను చాలు

యెషయా 40:31లో మూడు సంగతులున్నవి: పక్షిరాజువలె ఎగురుట, అలయక పరుగెత్తుట, సొమ్మసిల్లక నడచుట. మనమైతే నడకను మొదట పెట్టి ఎగురుటను చివర పెట్టియుందుము. ప్రవక్త నడకను చివర పెట్టాడు. ఎగురుట కొద్ది దినములు, పరుగెత్తుట కొన్ని ఏండ్లు, నడచుట జీవితమంతయు. సొమ్మసిల్లక నడచుటకును యెహోవా బలమే కావలెను.

ప్రియులారా, తరువాతి ఆదివారము ఆ యౌవనస్థునికి నిజము చెప్పాను. "బాబూ, నేనే మానివేశాను. అమ్మగారు పోయిన తరువాత ఎవరికోసము లేవాలో తెలియలేదు" అన్నాను. అతడు కొంతసేపు ఊరకుండి, "అయితే రేపు అయిదున్నరకు మీ గేటు దగ్గర ఉంటాను మాస్టారూ" అన్నాడు. వచ్చాడు. చెరువు గట్టు వరకు నడిచాము. పరుగెత్తలేదు. తిరిగి వచ్చునప్పుడు గట్టుమీద నిలిచి, నాలుగు నెలల తరువాత నేను ఉదయకాల ప్రార్థన చేశాను. మాటలు సరిగా రాలేదు. అతడు ఆమేన్ అన్నాడు.

మీ ప్రక్కింటిలో ఎవరి బూట్లు మూలన ఉన్నవో చూడుడి. ఎందుకు మానితివని అడుగుటకు ముందు, గేటు దగ్గర నిలువుడి. లూకా సువార్త 15వ అధ్యాయములో తప్పిపోయిన కుమారుడు నడిచి వచ్చాడు, పరుగెత్తినవాడు తండ్రి. మనము ఈడ్చుకొనుచు వేయు అడుగునకు ఎదురు పరుగెత్తి వచ్చు దేవుడు మనకున్నాడు.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, అలసి ఆగిపోయిన మమ్మును లేపుము. మా భారములను దించుకొను జ్ఞానమును, మా ప్రక్కవారి కొరకు ఆగు ప్రేమను దయచేయుము. ఎవరూ చూడని మా ఉదయములను నీవు చూచుచున్నావని నమ్మి నడుచుటకు సహాయము చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.