దొరికేదాకా వెదకాలి



ఆఫ్రికాలోని లాంబరేనేలో రోగులకు సేవచేసిన మిషనరీ డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్ గొప్ప ఆర్గన్ వాద్యకారుడు కూడా. 1935లో లండన్‌లోని ఆల్ హాలోస్ చర్చిలో ఆయన వాయించిన బాఖ్ సంగీతాన్ని రికార్డు చేశారు. 1940లో బాంబుదాడిలో ఆ చర్చి కాలిపోయింది, ఆర్గన్ కూడా పోయింది. అయినా ఆ స్వరం ఆ రికార్డుల్లో మిగిలింది.

అందుకే దాన్ని ప్రేమించేవాళ్లు ఆ పాత రికార్డుల కోసం ఓపికగా గాలిస్తారు. దొరికినది గీతలు పడి గరగరలాడినా పారేయరు. ఆ గరగర వెనుక ఉన్న స్వరానికి చెవి ఒగ్గుతారు.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని స్త్రీ దగ్గర ఇంకా తొమ్మిది నాణేలున్నాయి. అయినా దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, పోయిన ఆ ఒక్కదాన్ని దొరికేదాకా వెదికింది.

మన సహవాసంలో కొన్ని నెలలుగా ఖాళీగా ఉన్న కుర్చీ ఎవరిది? ఉద్యోగం పోయి, వీసా చిక్కుల్లో పడి, సిగ్గుతో రావడం మానేసిన తమ్ముడిదా? ఇంట్లోని కలతలు ఎవరికీ చెప్పుకోలేని అక్కదా? వాట్సాప్ గ్రూపులో ‘ప్రార్థిస్తున్నాం’ అని పెట్టినంత మాత్రాన వెదికినట్టు కాదు. ఈ వారం వెళ్లి తలుపు తట్టండి. వాళ్ల మాటలో కోపం గరగరలాడినా చివరిదాకా వినండి. అలాంటి స్వరాన్ని దేవుడు ఇంకొకటి చేయలేదు.

పరలోకంలో కలిగే ఆ సంతోషంలో మనకూ పాలు దొరుకును గాక. ఆమేన్.