చోటు

డిసెంబరు నడుమకొచ్చేసరికి దీవిసీమలోని కోడూరు చుట్టూ సార్వా కోతలు ముగింపుకొస్తాయి. చేలల్లో పనలు, కుప్పలు, పొద్దెక్కినా విడవని మంచు. ఆ కొత్త గడ్డిలోంచే రెండు మోపులు చర్చికి వెళ్తాయి, పశువుల పాక వేయడానికి. వెదురుగడ చివర రంగుకాగితం నక్షత్రం కట్టి లోపల బల్బు వెలిగిస్తారు. రాత్రిళ్ళు క్యారల్స్ పాడేవాళ్ళు డోలక్ వాయించుకుంటూ ఇంటింటికీ వస్తారు. నేను ప్రార్థన చేసేవాణ్ణి కాను. అయినా ఆ పాక ముందు కాసేపు నిలబడకుండా నాకు ఏ డిసెంబరూ గడవలేదు.

పిల్లలు వేసే క్రిస్మస్ నాటకంలో సత్రం యజమాని ఒకడుంటాడు. నిండుచూలాలు గుమ్మంలో నిలబడితే చోటు లేదు పొమ్మంటాడు. చిన్నప్పుడు వాడి మీద పట్టరాని కోపం వచ్చేది. పెద్దయ్యాక లూకా సువార్త తెరిచి చూస్తే ఆ మనిషి అందులో లేనేలేడు. తలుపు మూసిన చప్పుడు లేదు, పాక ప్రస్తావనా లేదు. పసివాణ్ణి పడుకోబెట్టిన తొట్టి ఉంది, చోటు లేకపోయిందన్న చిన్న మాట ఉంది. మిగతాదంతా తర్వాతివాళ్ళు అల్లుకున్నారు. డిసెంబరు 25 కూడా సువార్తల్లో లేదు, 4వ శతాబ్దపు రోము నగరపు లెక్కల్లో కనబడుతుంది.

తెలుగు బైబిల్లో సత్రం అన్నచోట గ్రీకులో ఉన్న మాట 'కటాలుమ'. ఏసు చివరి రాత్రి శిష్యులతో భోజనం చేసిన గదికీ లూకా అదే మాట వాడాడు. మంచి సమరయుడి కథలో డబ్బిచ్చి బస చేసే పూటకూళ్ళ ఇంటికి మాత్రం వేరే మాట వాడాడు. అందుకే ఇది సత్రం కాదేమో, ఇంట్లో చుట్టాలకిచ్చే గది అయివుంటుందని కొందరు పండితులంటారు. ఆ కాలపు పాలస్తీనా పల్లెల్లో చాలా ఇళ్ళలో ఇంటివాళ్ళుండేది ఒకే గదిలో. ఎత్తు మీద మనుషులు, పల్లంలో పశువులు, నడుమ తొట్టి. చుట్టాల గది నిండిపోతే ఆ ఇంటివాళ్ళు తమ మధ్యనే సర్దుకుని ఉంటారు.

అలా చదివితే గెంటేసినవాడు మాయమైపోతాడు. జరిగి చోటిచ్చిన బీద కుటుంబం మిగులుతుంది. తాటాకు పాకలో ఓ పక్క గేదె, ఓ పక్క నులకమంచం చూసిన దీవిసీమవాళ్ళకి ఇది ఊహించుకోవడం కష్టం కాదు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు పోయిన సుమారు పదివేల మందిలో ఎక్కువమంది ఆ పాకల్లోవాళ్ళే. దొరికిన మేడ ఎక్కినవాళ్ళు, తాటిచెట్టును కరుచుకున్నవాళ్ళు కొందరు బతికారు. ఆ రాత్రి ఒక మేడ మీద గడిపిన పెద్దావిడ నాతో అంది: "కూచోటానికి చోటు లేదు బాబూ, నుంచున్నాం. అదీ చాలకపోతే పిల్లల్ని భుజాలకెత్తుకున్నాం. ఎవరి పిల్లలో చూసుకోలా."

సరిగ్గా 36 రోజులకి క్రిస్మస్. ఆ ఏడు నక్షత్రం కట్టారా అని అడిగాను. ఆవిడ పలకలేదు.

రక్షకుడు పుట్టాడని పాడే పండగ అది. బతికినవాడు దేవుడు కాపాడాడంటే, పక్క పాకలో పసిబిడ్డ సంగతేమిటి? ఆ బిడ్డ చేసిన తప్పేమిటి? దీనికి జవాబుందని చెప్పేవాళ్ళను నేను నమ్మలేకపోయాను. ఆ మేడ మీద పక్కవాడి కోసం కాలు ఓ జానెడు జరిపిన మనిషిని మాత్రం నమ్ముతాను. నాకు తెలిసిన రక్షణ అదొక్కటే.

కానీ ఆ జానెడు చోటు తెల్లవారాక కూడా నిలుస్తుందా? నన్ను వదలని ప్రశ్న ఇది. 1843లో మిషనరీ నోబుల్ దొర బందరులో పెట్టిన బడి మొదట పైకులాల పిల్లల్ని ఉద్దేశించిందే. తర్వాత ఊరికి ఎడంగా ఉంచిన మాల, మాదిగ పల్లెలు ఎన్నో చర్చిలో చోటు వెతుక్కున్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే షెడ్యూల్డు కులాల జాబితాలో చోటుండదు. అందుకే ఎందరికో కాగితం మీద ఒక పేరు, చర్చిలో ఒక పేరు. లూకా చెప్పిన పుట్టుక కథ మొదలయ్యేదే జనాభా లెక్కలతో. యోసేపు నిండుచూలాలిని వెంటబెట్టుకుని బేత్లెహేము వెళ్ళింది పేరు రాయించుకోడానికే. రాయించుకున్న పేరులో మనిషి ఎంత మిగులుతాడో ఈ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

ఆ పెద్దావిడను ఇంకొక్కటి అడిగాను. నీళ్ళు తీశాక, ఆ మేడ దిగినవాళ్ళంతా ఒకే పొయ్యి మీద గంజి కాచుకున్నారట. "అలా ఎన్నాళ్ళు కలిసి తిన్నారమ్మా?"

ఆవిడ కాసేపు వేళ్ళు మడిచి లెక్క చూసింది.

"బియ్యం వచ్చేదాకా," అంది. "ఆ తర్వాత ఎవరి వరస వాళ్ళదే."