బరువు వదిలేయండి

ధ్యాన భాగం: యెషయా 46:3–4, యోహాను 13:1–9

ప్రతి ఇంట్లోనూ అందరికీ వడ్డించాక చివరన తినే మనిషి ఒకరుంటారు. ఒళ్లు కాలిపోతున్నా పొయ్యి దగ్గరే నిలబడతారు. "కాసేపు కూర్చో, నేను చేస్తాలే" అంటే "ఎందుకు, అయిపోవచ్చిందిగా" అంటారు. ఈ పేజీ తెరిచిన మీరు ఆ మనిషేనా? అయితే ఈ పూట మీతోనే నాలుగు మాటలు మాట్లాడాలని ఉంది.

నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆఫ్రికా పల్లెలకు వైద్య సేవకు ఒక బృందం వెళ్తోందని మా సంఘంలో చెప్పినప్పుడు నా పేరూ ఇచ్చాను. "ఈ వయసులోనా?" అన్నారు కొందరు. అది ప్రేమతో అడిగిన మాటే. అక్కడి చాలా దేశాలకు వెళ్లాలంటే ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. 60 దాటినవాళ్లకైతే డాక్టర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించి గానీ వేయరు. ఆసుపత్రి బల్ల మీద నా వంతు కోసం కూర్చున్నప్పుడు లోపల బెరుగ్గానే ఉంది. సాయం చేయడానికని వెళ్లి, చివరికి నేనే వాళ్లకు బరువవుతానా?

ప్రయాణానికి ముందు రాజమండ్రిలో ఒక హాల్లో మా బృందానికి శిక్షణ ఇచ్చారు. కువైట్‌కో ఇజ్రాయెల్‌కో పనికి వెళ్లబోయే ఆడపిల్లలు కూడా మాతోపాటే కూర్చున్నారు. రాజోలు, అమలాపురం, నరసాపురం వైపు ఏ ఊరు వెళ్లినా అలా వెళ్లిన మనిషి లేని వీధి అరుదు. కన్నవాళ్లనూ కడుపున పుట్టినవాళ్లనూ ఇక్కడ వదిలి, సముద్రం అవతల ఎవరో ముసలితల్లికి స్నానం చేయించి అన్నం తినిపించే ఈ తల్లుల గురించి మన సంఘాల్లో చేసే ప్రార్థన చాలా తక్కువ. ఆ మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పడం ఆ రోజు పాఠం. రెండు గంటలకోసారి తిప్పకపోతే మడమలు, తుంటి, నడుం కింద ఎముక ఆనే చోట పుండ్లు పడతాయి. ఈ పని నా చేతులకు కొత్త కాదు. కానీ ఆ రోజు నా వంతు మంచం మీద పడుకోవడం. నన్ను తిప్పాల్సింది రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, నా మనవరాలి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. అవతలి మోకాలు మడిచి నిలబెట్టింది. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసింది. నేను కదల్లేదు. మళ్లీ ప్రయత్నించింది. అప్పుడు మెల్లగా అంది:

"అమ్మగారండీ, మీరు బిగబట్టేత్తన్నారండి. బరువు నా మీద వదిలేయండి, నేను చూసుకుంటానండి."

బిగబట్టినట్టు నాకే తెలియలేదు. ఎన్నో ఏళ్లుగా పక్కవాళ్లను పట్టుకున్న ఒళ్లు, తనను ఎవరైనా పట్టుకుంటే గట్టిపడిపోతుంది. ఊపిరి వదిలాను. ఆ పిల్ల తేలిగ్గా నన్ను తన వైపుకు తిప్పుకుంది.

తర్వాత నన్ను నిటారుగా కూర్చోబెట్టి జావ తాగించింది. గడ్డం కాస్త కిందికి వంచమంది. సగం చెంచా పోసి, గొంతు దిగేదాకా నా మెడ వంకే చూస్తూ ఆగి, మళ్లీ సగం చెంచా. తొందరపెడితే పొలమారుతుందని మేమే చెప్పేవాళ్లం. ఒకరి చేతి ముద్ద కోసం నోరు తెరిచి ఎదురుచూడటం ఎలా ఉంటుందో మాత్రం నాకు అప్పుడే తెలిసింది. సిగ్గేసింది. ఆ వెనకాలే, ఎందుకో, కళ్లు చెమ్మగిల్లాయి.

ఆ రాత్రి యెషయా గ్రంథంలో ఆ భాగం తెరిచాను. తల్లి కడుపున పడ్డప్పటి నుంచి నెత్తి నెరిసేదాకా నిన్ను మోసేది నేనే అంటాడు దేవుడు అక్కడ. నెరిసిన వెంట్రుకల సంగతి ఆయన ప్రత్యేకంగా ఎత్తి చెప్పడం గమనించారా? పసివాళ్లను ఎత్తుకోవడం ఎవరికైనా ఇష్టమే. పెద్దవాళ్లను మోయడం వేరు, ఆ పనీ నాదే అంటున్నాడు ఆయన.

పేతురు కూడా బిగబట్టిన మనిషే. ప్రభువు పళ్లెంలో నీళ్లు పోసి దగ్గరకు వస్తే, నా కాళ్లు మీరు కడగడమేమిటని కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. అది వినయమనే అనుకుంటాం. ప్రభువు మాత్రం దాన్ని ఒప్పుకోలేదు, కడిగించుకోకపోతే నాతో నీకు పాలు ఉండదన్నాడు. యోహాను సువార్త చివర్లో అదే పేతురుకు ఇంకో మాట చెప్పాడు: ముసలితనంలో నువ్వు చేతులు చాస్తావు, ఇంకొకరు నీ నడుం కడతారు. పేతురు మరణం గురించి చెప్పిన మాట అది. ఆ చాచిన చేతులు ఇప్పుడు నాకు మంచం మీదా కనబడుతున్నాయి.

మన దగ్గరకు సేవకు వచ్చినవాళ్లూ ముందు చేతులు చాచినవాళ్లే. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. వైద్యం చదివిన మనిషే అయినా, పంపినవాళ్లు ఆమెను వైద్య మిషనరీగా గుర్తించింది 1885లో. స్త్రీల ఆసుపత్రి తెరవడానికి 1898 దాకా ఆగాల్సి వచ్చింది. అన్నేళ్లూ ఆమె మన భాషనూ మన ఇళ్లనూ మనవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి కదా. ఆ ఆసుపత్రికి వచ్చే రోగుల బంధువుల కోసం సత్రం కట్టించింది హిందువైన మన ఏలూరు జమీందారు భుజంగరావు గారు. ఆవిడ ఆ సాయాన్ని కాదనలేదు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు.

మీ సంగతి చెప్పండి. మంచంలో ఉన్న అత్తగారు, గల్ఫ్‌లో ఉన్న కూతురు ఇక్కడ వదిలి వెళ్లిన పిల్లలు, తీరని అప్పు... ఎంతకాలంగా ఒక్కరే పట్టుకుని నిలబడ్డారు? మెడ వెనక ఆ పట్టేసిన నరం ఎన్నాళ్ల నుంచి? నిన్న రాత్రి మీరు నిద్రపట్టక అటూ ఇటూ దొర్లుతున్నప్పుడు ఆయన చెయ్యి మీ భుజం మీదే ఉంది. మీరు ఊపిరి వదలాలని చూస్తున్నాడు.

నేనొక నిర్ణయం తీసుకున్నాను. విమానాశ్రయంలో బృందంలోని పిల్లలు నా పెట్టె అందుకుంటే ఇచ్చేస్తాను. అక్కడి క్లినిక్‌లో ఎండ దెబ్బకు కళ్లు తిరిగితే ఓర్చుకుంటూ నిలబడను, కుర్చీ అడుగుతాను.

మీరూ ఈరోజు ఒక్క పని చేయండి. ఇంట్లో ఎవరైనా "ఏమైనా చేయనా?" అంటే "ఏం వద్దు" అనకండి. పని పేరు పెట్టి చెప్పండి: కూరగాయలు తరుగు, మామ్మకు మందులియ్యి, కాసేపు నా కాళ్లు పట్టు. ఎవరూ అడగకపోతే మీరే అడగండి. వాళ్లు మీలా చక్కగా చేయకపోవచ్చు. ముక్కలు పెద్దవిగా తరుగుతారు, గిన్నె సరిగ్గా తోమరు. అయినా లేచి వెళ్లి సరిచేయకండి, కూర్చోండి.